నా పేరున పొంగిన కుండ

మా వాళ్ళలో ఎవరైనా పోతే, శవాన్ని ఇంకా ఇంట్లోంచి తీయకముందే, చూడవచ్చినవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "మంచి మనిషి" అని కాదు. "ఎంత పని చేసిన మనిషి!" అంటారు. కోవిల్‌పట్టిలో నేను పుట్టి పెరిగిన వీధిలో దీనికి మించిన పొగడ్త లేదు. మా నాయనమ్మ పోయినప్పుడు ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చుని ఆమె చేతుల్ని తలచుకుని ఏడ్చారు. ఆ చేతులు తీసిన కలుపు, మోసిన కట్టెలు, తోమిన అంట్లు. ఆమెకు పొడుపుకథలంటే ప్రాణమనీ, జవాబు చెప్పలేకపోతే మమ్మల్ని గిచ్చి నవ్వేదనీ ఒక్కరూ అనలేదు. చిన్నదాన్ని కాబట్టి అప్పుడు నాకేమీ తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అమ్మా, మా మేనత్తా ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేశారు. మా వీధిలో ఆడవాళ్ళు ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. "ఈ పొద్దు వేల ఉండాదా?" అంటారు. వేల అంటే పని. ఉందంటే ఎదుటి ముఖం విప్పారుతుంది, లేదంటే పలకరింపు అక్కడితో ఆగిపోతుంది. నన్ను ఆ మేనత్త కొడుక్కే ఇచ్చి విరుదునగర్ పంపారు. అక్కడినుంచి తిరుత్తంగల్‌లో ఒక ప్రెస్సుకు బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు కంప్యూటర్లో కూర్చడం నా ఉద్యోగం. వేళ్ళు వేగంగా ఆడేవి. కొత్త గిరాకీలు వస్తే ఓనరు వాళ్ళను నా కుర్చీ వెనక నిలబెట్టి, ఈ అమ్మాయి టైపు కొట్టేది చూడండి అని చూపించేవాడు. నేను తల తిప్పకుండా ఇంకా వేగంగా కొట్టేదాన్ని. మా అత్త నన్ను పని రాక్షసి అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. రాక్షసి అంటే కూడా సంతోషించాను చూడండి, అదీ మా పెంపకం.

జబ్బు క్యాలెండర్ల సీజన్లోనే వచ్చింది. జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, ఎదుటివాళ్ళు చేయి వేసి చూస్తే తెలుస్తుంది. ఇది అలాంటిది కాదు. మొదట నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది, ఆ తర్వాత అక్షరాలు పోయాయి. తెర మీద పెళ్ళికొడుకు పేరు కనిపించేది, చదివేదాన్ని, చదివింది ఏమిటో లోపలికి దిగేది కాదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కారణం లేకుండా ఏడ్చేదాన్ని. తలకు నీళ్ళు పోసుకోవాలంటే కళుగుమలై కొండ ఎక్కమన్నట్టుండేది. ఒక ఉదయం బస్టాండులో నా బస్సు వచ్చి నా ముందే ఆగింది. జనం ఎక్కారు, బస్సు వెళ్ళిపోయింది, నేను బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాను. ఆ వెనక బస్సు కూడా పోయింది. ప్రెస్సుకు ఫోన్ చేసి రాలేనని చెబితే ఓనరు అన్న మాట ఇది: "సీజన్ అయ్యాక పెట్టుకోకూడదా అమ్మా ఇవన్నీ?" ఏదో నేను ముహూర్తం చూసి జబ్బు పడ్డట్టు.

మా ఆయన పప్పుమిల్లులో మెషిన్ చూస్తాడు. మాట తక్కువ మనిషి. ఆయనే నన్ను విరుదునగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు చెడ్డవాడేం కాదు. ఆయన ఇచ్చిన మాత్రలతోనే నిద్ర తిరిగి వచ్చింది, ఆ మేలు మరచిపోను. మాత్రలు మింగడానికి సిగ్గుపడొద్దని ఎవరికైనా చెబుతాను. కానీ వెళ్ళిన ప్రతిసారీ ఆయన అడిగేవి అవే ప్రశ్నలు, అవి కూడా నన్ను కాదు, మా ఆయన్ని. వంట చేస్తోందా? ఇంటిపని చూసుకుంటోందా? ఉద్యోగానికి ఎప్పుడు వెళ్దామనుకుంటోంది? సాంబారు కాచిందని చెబితే, "గుడ్, ఇంప్రూవ్‌మెంట్ ఉంది" అనేవాడు. ఒకసారి నేను ఆయనకు ఒక సంగతి చెప్పాలని దాచుకుని వెళ్ళాను. ఆ వారం సాయంత్రంపూట మేడ మీదికి వెళితే గాలి తగిలింది, హాయిగా అనిపించింది. ఎన్నో నెలల తర్వాత ఏదో ఒకటి బాగుందనిపించింది. ఆ సంగతి చెప్పడానికి ఆయన ప్రశ్నల మధ్య సందు దొరకలేదు. సాంబారు కాస్తే నయమైనట్టు, గాలి బాగుంటే ఏమీ కానట్టు! చెప్పకుండానే చీటీ పట్టుకుని వచ్చేశాను.

ఇక సలహాలు ఇచ్చేవాళ్ళు. "రెస్టు తీసుకో" అనేవాళ్ళను మొదట్లో దేవుళ్ళనుకున్నాను. వాళ్ళ మాట చివరిదాకా వింటే అసలు సంగతి తెలుస్తుంది. "బాగా రెస్టు తీసుకో, అబుడే మల్లా గట్టిగా వేల చేయొచ్చు." అంటే నా నిద్ర కూడా నాది కాదు, మెషిన్‌కి నూనె వేసే వేళ అన్నమాట. ఫోన్లో వీడియోలు పంపేవాళ్ళది ఇంకో రకం. ఎవరో ఒకామెకు నాలాగే వచ్చిందట, ఆమె ఏడుస్తూ కూర్చోకుండా ఊరగాయలు పెట్టి అమ్మిందట, ఇప్పుడు నలుగురికి పని ఇస్తోందట. జబ్బును కూడా వదలరు వీళ్ళు, దాన్ని కూడా పిండి ఏదో ఒకటి రాబట్టాలి! నేను ఇలా రాసుకుంటున్నానని తెలిసి ఈమధ్య ఒకావిడ, "చూసినావా, ఆ కష్టమే నిన్ను రాసేదానిగా చేసింది" అంది. అమ్మా, నీకో దండం. ఆ కష్టం నాచేత ఏమీ చేయించలేదు. నా వయసులో కొంత తినేసి పోయింది, అంతే.

మధ్యలో కొన్నాళ్ళు కోవిల్‌పట్టిలో అమ్మ దగ్గర ఉన్నాను. అమ్మ మొదట కంటికి రెప్పలా చూసుకుంది. తర్వాత వీధిలో వాళ్ళు అడగడం మొదలుపెట్టారు. "ఏమే, లీవా?" "ఏమి, ఇంట్లోనే ఉండావు?" నేను వాకిట్లో కూర్చుంటే అమ్మకు ముళ్ళ మీద ఉన్నట్టుండేది.

"లోపల పోయి పండుకోవే," అంది ఒకరోజు. "సుమ్మా కూర్చోనుండేది ఊరందరూ చూడాల్నా?"

సుమ్మా అంటే ఊరికే. తమిళం నుంచి మా ఇళ్ళలోకి వచ్చిన మాటల్లో ఇంత పాపం మూటగట్టుకున్న మాట ఇంకొకటి లేదు. పడుకుంటే జబ్బు, కూర్చుంటే సోమరితనం. అమ్మకు నా మీద ప్రేమ లేక కాదు, ఆ ప్రేమను వీధిలోకి తీసుకెళ్ళాలంటే చేతిలో ఏదో ఒక పని పెట్టి తీసుకెళ్ళాలి. నేను మళ్ళీ విరుదునగర్ బస్సెక్కాను.

అత్త నన్ను లోపల పడుకోమనలేదు. వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, మిరపకాయల మూట తెప్పించింది.

విరుదునగర్‌లో మిరప గోడౌన్లు ఎక్కువ. ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పని ఇళ్ళకు కూడా వస్తుంది. చేతులకు నూనె రాసుకుని, చేటలో కాయలు పోసుకుని, ఒక్కొక్క తొడిమా గిల్లాలి. ఎంత నూనె రాసుకున్నా సాయంత్రానికి గోళ్ళ సందుల్లో మంట తప్పదు. అత్త తన ముందు ఒక చేట, నా ముందు ఒక చేట పెట్టింది.

"సుమ్మా రెండు గిల్లు మే. చెయ్యి ఆడితే మనసు కూడా ఆడతాది."

ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. దాన్ని గిల్లాలని తెలుసు. గిల్లితే ఏమవుతుందో, గిల్లకపోతే ఏం పోతుందో తెలియలేదు. కళ్ళు ధారగా కారుతుంటే లేచి లోపలికి వెళ్ళిపోయాను. అత్త అది మిరప ఘాటనుకుని కిటికీలన్నీ తెరిచి పెట్టింది. ఆ తర్వాత కూడా ఆమె పొద్దున్నే నా చేట పరిచేది, నేను కాసేపు దాని ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు.

ఇంతలో పక్కింటామె నన్ను పొగడడం మొదలుపెట్టింది. ఆమె కూడా మా తెలుగువాళ్ళే. ఒకనాడు నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఎంత నీటుగా గిల్లుతావమ్మా! గోడౌన్లో నీ మూట చూసి రొంబ మెచ్చుకుంటిరంట. ఇబుడు బాగయిపోతివి పో."

నాకేమీ అర్థం కాలేదు. ఆమె ఆప్యాయంగా నా చేయి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. "మండలేదా మే?" అంది. నా చేయి చల్లగా, శుభ్రంగా ఉంది. అత్త వంటింట్లోంచి పరుగున వచ్చి, "ఇబుడే మజ్జిగలో ముంచి తుడుచుకునిందిలే" అంది. అప్పుడు చూశాను అత్త చేతుల్ని. రెండూ ఎర్రగా కందిపోయి వాచి ఉన్నాయి. రెండు చేటలూ ఆమే గిల్లుతోంది. ఒక మూట తనదని, ఇంకో మూట నాదని చెబుతోంది.

పక్కింటామె వెళ్ళాక అడిగాను. "ఎందుకు అత్తా ఇదంతా?"

"నిన్ను ఎవురూ ఒక మాట అనకూడదు మే."

"అంటే అననీ."

"అనేది నీకి వినపడదు, నువ్వు లోపల ఉండావు. నాకి వినపడతాది."

ఇది విన్నవాళ్ళు అత్త అంటే ఇలా ఉండాలి అంటారు. నాకు కూడా ఆ చేతులు చూస్తే జాలేసింది. అయినా కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరు కోడళ్ళు. ఒకతె లోపల మంచం మీద ఉంది, ఇంకొకతె వాకిట్లో చకచకా మిరపకాయలు గిల్లుతోంది. వచ్చినవాళ్ళ పలకరింపు, మెప్పు అంతా ఆ బయటిదానికే. లోపలిదాని పరువు నిలబెట్టడానికి లోపలిది లేనేలేదని చెప్పాల్సి వచ్చింది. నేను పడుకుని ఉండగానే నన్ను ఇంట్లోంచి పంపించేసినట్టయింది. అయినా ఆమెతో గొడవ పెట్టుకునే ఓపిక అప్పుడు నాకు లేదు.

శివరాత్రికి మా అత్తవారి వంశం అంతా కళుగుమలై అవతల నల్లరేగడి చేల మధ్య ఉన్న ఇంటిదేవుడి దగ్గర చేరుతుంది. గుడి అనుకోవడానికి గోడలేమీ లేవు. నిలబెట్టిన రాళ్ళు, వాటికి పసుపు, చుట్టూ తుమ్మచెట్లు, ఒక వేపచెట్టు. అక్కడ మా వాళ్ళకొక ఆచారం ఉంది. వంశంలోని ప్రతి కోడలూ తన పొయ్యి తానే పెట్టుకుని పొంగలి పొంగించాలి. మూడు రాళ్ళు, ఒక కుండ, ఎండుపుల్లలు. కుండ పొంగినప్పుడల్లా ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కులవ పెడతారు. అన్నీ పొంగాక వంశంలో పెద్దాయన పొయ్యిల వరస వెంట నడుస్తూ ఒక్కో కుండ దగ్గర ఆగి, "ఇది ఎవురి పొంగలి?" అని అడుగుతాడు. ఆ కోడలు "నాది" అనాలి. అప్పుడు అందులోంచి ఒక గరిటె సామి ముందు ఆకులో పడుతుంది. ఆ కోడలికి వంశంలో భాగం ఉన్నట్టు. బాలింతలకూ, మైలలో ఉన్నవాళ్ళకూ మినహాయింపు ఉంది. నా జబ్బు ఆ రెంటిలోనూ చేరదు.

వ్యాన్ ఎక్కేముందే అత్తకు చెప్పాను, నేను పొయ్యి పెట్టలేనని. "సరే మే, నువ్వు వచ్చి నీడలో కూర్చో చాలు" అంది. నేను నమ్మి వేపచెట్టు కింద పరిచిన పట్టా మీద కూర్చున్నాను. కాసేపటికి చూస్తే అత్త రెండు పొయ్యిల మధ్య కూర్చుని ఉంది. ఇటు ఊదుతోంది, అటు కలుపుతోంది. మిట్టమధ్యాహ్నం ఎండ, రెండు వైపులా మంట. రెండో కుండ ఎవరిదో నాకు అర్థమయ్యేసరికి అది పొంగిపోయింది.

పెద్దాయన అంటే మా మామకు అన్న, నాకు పెద్దమామ. ఆయన వరసగా అడుగుతూ వచ్చి అత్త దగ్గర ఆగాడు.

"ఇది ఎవురి పొంగలి?"

"నాది బావా."

"ఇది?"

"మా కోడలిది."

"ఏదీ, కానమే?"

"ఎండకి తల తిరిగిందని ఆడ కూర్చోనుండాది. పొయ్యి పెట్టింది ఆమే, పొంగించింది ఆమే."

"బలే!" అన్నాడు పెద్దమామ అందరికీ వినపడేలా. "ఒళ్ళు బాగలేకున్నా చెయ్యి ఆపలే చూడండి. కోడలంటే అట్ల ఉండాల."

ఎవరో కులవ పెట్టారు. ఆ లేని కోడలికి, నా పేరున. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా జబ్బు సంగతి వాళ్ళందరికీ తెలుసు, ఒక్కరు కూడా నెలల తరబడి ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఒక కుండ పొంగేసరికి మెచ్చుకుంటున్నారు. లేచి వెళ్ళి ఆ కుండ పక్కన నిలబడ్డాను.

"ఇది నాది కాదు మామా. నేను పొయ్యి పెట్టలే. పుల్ల కూడా ఎత్తలే. ఇంట్లో మిరపకాయలు గిల్లేది కూడా నేను కాదు. ఇన్ని నెలలుగా నేను ఏమీ చేయలే. తిన్నాను, పండుకున్నాను, మాత్ర మింగినాను."

"మే, నోరు మూయవే," అంది అత్త.

పెద్దమామ ముఖం మాడిపోయింది. "సామి ముందర ఇదేమి మాట? చెయ్యి పెట్టనోళ్ళకి బాగం ఎట్ల వస్తాది?"

"పోయిన ఏడు మీకు కాలు విరిగితే కుర్చీలో మోసుకొస్తిరి. మీరు ఏమి చేస్తిరి మామా? మొదటి ఆకు మీకే వేస్తిరి కదా."

"అది కాలు మే!"

"ఇది తల మామా."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడితో ఆపి ఉంటే గెలిచేదాన్ని. ఆ మాటనే మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. కానీ నోట్లోంచి వచ్చిన వెంటనే ఆ మాట మీద నాకే కోపం వచ్చింది. ఆయన కాలి పక్కన నా తలను పెట్టి, నాకూ సెలవు చీటీ ఉందని చూపించుకుంటున్నాను. రేపు నాకు నయమైపోతే? నయమయ్యాక కూడా నాకు కుండ పెట్టాలనిపించకపోతే? అప్పుడు ఏ అవయవం చూపించాలి?

"జబ్బు లేకపోయినా నాకి బాగం ఉండాది మామా," అన్నాను. "నేను ఏమి చేస్తినని కాదు. నేను ఉండాను, అందుకు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "కూర్చోని తింటే కొండలు కూడా కరుగుతాయి," అన్నాడు ఒక ముసలాయన వెనకనుంచి. నేను తినే పిడికెడు కూటికి ఏ కొండ కరిగిందో ఆయన్నే అడగాలి. మా ఆయన ఆకులు కడుగుతూ తల దించుకున్నాడు, ఆయన మీద కోపం వేరే. పెద్దమామ ఆ కుండను దాటి పక్క పొయ్యి దగ్గరికి నడిచి, "ఇది ఎవురి పొంగలి?" అన్నాడు. ఆ కుండలోంచి గరిటె తీయలేదు.

పట్టా మీదికి తిరిగి వచ్చి కూర్చున్నాను. కొంతసేపటికి అత్త వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టింది కూడా.

"ఇంత మందిలో నా మానం తీసేస్తివే."

"నువ్వు ఎందుకు అత్తా నా పేరున పెట్టేది? నేను అడిగితినా?"

ఆమె పట్టా అంచున కూర్చుని చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. వేరే ఎవరి గురించో అడిగినట్టు అడిగింది.

"ఏమీ చేయకపోయినా బాగం ఉండాదని అంటివే."

"అంటిని."

"నాకి కూడానా?"

ఆమె వైపు తిరిగాను. కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడవడానికి ప్రయత్నిస్తోంది. అవి సగం దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

"ఈ చెయ్యి ఇట్ల అయి రొంబ నాళ్ళు ఆయ. పొద్దున లేస్తే టంబ్లర్ పట్టేదానికి కాదు. ఎవురికీ చెప్పలే. చెప్తే ఇంక దీంతో ఏమి ఉపయోగం అని మూలకి వేస్తారని బయం మే."

ఆ చేత్తోనే రెండు చేటలు గిల్లింది. ఆ చేత్తోనే రెండు కుండలు దించింది. నన్ను దాచడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె తనను కూడా దాచుకుంటోంది, కోడలికీ, కన్నకొడుక్కీ కూడా తెలియకుండా. ఎవరికి భయపడి? ఆమె వండిపెట్టింది తిని పెరిగినవాళ్ళకే. నాకు ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది.

అప్పటికి సామి పూజ అయిపోయింది. మగవాళ్ళు వరసగా ఆకుల ముందు కూర్చున్నారు. పెద్దమామ గొంతు వినపడింది.

"కూడు వడ్డించేదానికి ఎవురూ లేదా? ఆడోళ్ళంతా యాడికి పోతిరి?"

అత్త గబుక్కున చేయి నేలకు ఆనించి లేవబోయింది. ఆ చేయి ఆనలేదు, ఒక పక్కకు ఒరిగింది. అయినా రెండోచేత్తో లేవాలని చూస్తోంది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

"కూర్చో అత్తా."

"పిలుస్తాండారు మే."

"పిలవనీ."

పెద్దమామ ఇంకోసారి కేక వేశాడు, ఈసారి అత్తనే చూసి చేత్తో రమ్మని సైగ చేశాడు. అత్త ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. మా వాళ్ళలో తమ్ముడి భార్య బావగారికి ఎదురు చెప్పడం నేను వినలేదు. ఆమె కూర్చున్న చోటినుంచే అరిచింది.

"నాకి చేతకాదు బావా. మీరే వడ్డించుకోండి."

ఇంత చిన్న మాట అనడానికి ఆ మనిషికి అరవై ఏళ్ళు పట్టిందంటే నాకు కోపం రాదా మరి?